తెలుపు లేని నౌరీజ్

"అత్తయ్యా, ఈసారి నౌరీజ్‌కి మనింట్లో పాలచుక్క ఉండకూడదు" అని కోడలు గౌహర్ అన్నప్పుడు రిస్తీ చేతిలో పాలచెంబే ఉంది. అప్పుడే పితికి తెచ్చిన పాలు, నురుగు కూడా ఇంకా చావలేదు. ఆవిడ చెంబును బల్ల మీద పెట్టింది. మెల్లిగా మాత్రం పెట్టలేదు.

"ఏవిటీ?"

"పాలు, పెరుగు, వెన్న, మీగడ, కుర్త్. ఏదీ వద్దు."

"ఇంకా నయం, పండగే వద్దనలేదు!"

కొత్త ఏడాది వచ్చే నౌరీజ్ నాడు వండే కోజె అనే చిక్కటి రసంలో ఏడు వస్తువులు పడాలి. నీళ్లు, ఉప్పు, చలికాలానికని కోసిన గుర్రం మాంసంలో మిగిలిన చివరి ముక్క, కొవ్వు, పిండి, గింజ, తెలుపు. బెస్‌కుదిక్ ఊళ్లో పాలనీ, పాలతో అయ్యే ప్రతి పదార్థాన్నీ కలిపి తెలుపు అనే అంటారు. తెలుపును తొక్కరు, పారబోయరు, వద్దనరు. అలిగి లేచిపోయేవాడు కూడా గుమ్మం దగ్గర ఒక గుక్క తెలుపు తాగి మరీ అలుగుతాడు. కరువొచ్చిన ఏడు రిస్తీ అమ్మమ్మ ఆరింటితోనే కోజె వండిందట. ఆ ఏడు కూడా కుండలో తగ్గింది గింజే కానీ తెలుపు కాదు.

పైగా రిస్తీ అంటే ఊరికి గుర్తొచ్చేదే మీగడ. చెంచా గుచ్చితే నిలబడే మీగడ. ఆవిడ తోడుపెట్టిన పెరుగుకోసం పక్క ఊరినుంచి వియ్యాలవారు కబురు పంపేవారు. అలాంటి మనిషిని పట్టుకుని, నిన్నగాక మొన్న కాపురానికొచ్చినట్టుండే కోడలు, పండగ పూట తెలుపు వద్దంటుందా?

కారణం తెలియక కాదు. కారణం నాలుగేళ్లది, పేరు ఇంజు, గౌహర్ కూతురు, ఆ క్షణంలో బల్లకింద కూర్చుని పిల్లితోక సవరదీస్తోంది. కిందటి శరదృతువులో రిస్తీ తోడికోడలు కుల్పాష్ ముద్దొచ్చి ఆ పిల్ల నోట్లో వేలికొసంత మీగడ రాసింది. అంతే. పిల్ల పెదాలు ఉబ్బాయి, కళ్లు మూసుకుపోయాయి, గొంతులో ఊపిరి ఈలలా కూసింది. రిస్తీ కొడుకు దౌరెన్ గతుకుల రోడ్డుమీద బండిని ఎలా తోలాడో వాడికే తెలియదు. జిల్లా ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది ఒకటే. ఈ పిల్లకి పాలు విషం, చెయ్యంటుకున్నంత చాలు, వచ్చేసారి ఇంత దూరం రాలేకపోవచ్చు. అప్పటినుంచి గౌహర్ అప్రాన్ జేబులో సూదిమందు పెట్టుకునే తిరుగుతోంది.

"పిల్లకి పడకపోతే పిల్లకి పెట్టొద్దు. ఎవరన్నా పెడతామన్నారా?" అంది రిస్తీ. "ఒకళ్లకి జలుబు చేసిందని ఊరంతా మంచినీళ్లు మానేస్తుందా? పెద్ద కుండలో అందరికీ వండుతాను, చిన్న గిన్నెలో దానికి వండుతాను."

"మొన్న పెద్దత్తయ్యగారింట్లో విందుకీ ఇలాగే చిన్న గిన్నె పెట్టారు కదండీ. గిన్నెలు రెండు, గరిటె ఒకటే. నేను చూసి లాక్కున్నా కాబట్టి సరిపోయింది."

"అయితే ఆ పూటకి లోపలి గదిలో ఉంచు. ఫోనిస్తే బొమ్మలు చూసుకుంటుంది."

గౌహర్ ఉల్లిపాయ తరుగుతోంది. తరుగుతూనే ఉంది.

"అలాగే అత్తయ్యా. నేనూ దాంతోపాటే ఆ గదిలో ఉంటాను. చుట్టాలకి చాయ్ మీరు పోసుకోండి."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో రిస్తీకి అప్పుడు తెలిసింది. అత్తమీద కోపం దుత్తమీద చూపించిందట వెనకటికో కోడలు. ఈ కోడలు దుత్తమీద కోపం తెచ్చి అత్తమీద చూపిస్తోంది! పండగనాడు కోడలు నీళ్లు మరిగే సమోవార్ దగ్గర కూర్చుని చాయ్ పోయకపోతే ఆ ఇంటికి పరువుంటుందా? రిస్తీ శాలువా తలమీదకి లాక్కుని, రబ్బరు బూట్లు తొడుక్కుని, కుల్పాష్ ఇంటికి బయలుదేరింది.

మంచు కరిగి దారంతా బురదై ఉంది. ఆ బురదకీ తిట్లు తప్పలేదు.

కుల్పాష్ రిస్తీ పెనిమిటికి అన్నగారి భార్య. పెనిమిటి పోయి చాలా కాలమైనా, బావగారింటితో రాకపోకలు అలాగే ఉన్నాయి. రెండిళ్లలో ఏ ఇంట పొయ్యి రాజేసినా రెండో ఇంటికి పొగ తెలిసేది. రిస్తీ వెళ్లింది కోడలిమీద చెప్పుకోవడానికే. కానీ చల్లకొచ్చి ముంత దాచినట్టు, "పిండి జల్లెడ ఉందా అక్కా?" అని మొదలుపెట్టింది.

"జల్లెడకోసం ఇంత బురదలో వచ్చావా? కూర్చో. మొహం చూస్తేనే తెలుస్తోంది, పెద్దజల్లెడే కావాలి నీకు" అంది కుల్పాష్, పాలు దండిగా పోసిన చాయ్ గిన్నె చేతికిస్తూ.

రిస్తీ మొత్తం చెప్పింది. సగం చెప్పేసరికే కుల్పాష్ బుగ్గలు నొక్కుకుంది.

"నల్ల చాయా! నౌరీజ్‌కి! ఆ పట్నపుపిల్లని చేసుకోవద్దని ఆనాడే అన్నానా లేదా?"

"అన్నావులే."

"నామాట విను. పండగ పూటకి పిల్లని వాళ్ల అమ్మమ్మగారింటికి పంపెయ్. నువ్వు నిశ్చింతగా వండుకో."

"ఇంటి పిల్లని పండగనాడు ఇంట్లోంచి పంపేయడమేంటక్కా?"

"పంపక? అసలు నాకెప్పట్నించో అనుమానమే. చెప్పకూడదనుకున్నా." కుల్పాష్ గొంతు తగ్గించింది, ఇంట్లో పిల్లి తప్ప ఎవరూ లేకపోయినా. "ఇంట్లో పాము దూరితే ఏం చేస్తాం? చంపం. నెత్తిన తెలుపు పోసి సాగనంపుతాం. తెలుపు తగిల్తే నిలవలేక పోయేది ఏది? పాము. మరి నీ మనవరాలు..."

"ఆ, నా మనవరాలు?"

"నేననడంలేదే! పెద్దలన్న మాట. తెలుపు ఓర్వని ప్రాణిని పండగనాడు ఇంట్లో పెట్టుకుంటే..."

రిస్తీ ఇంక వినదలచుకోలేదు. చేతిలో చాయ్ సగం ఉంది. కోపం ఎంతున్నా తెలుపు వదిలేసి లేవకూడదు కదా, ఆ పాలచాయ్ గటగటా తాగేసి, గిన్నె బోర్లించి, అప్పుడు లేచింది.

"పిల్ల నోట్లో విషం రాసింది నువ్వు. పాము అదా?" అంది.

"విషమా? నా మీగడ విషమా?" అని కుల్పాష్ వెనకనుంచి అరుస్తూనే ఉంది. "జల్లెడ పట్టుకెళ్లవే!"

వచ్చిన బురదనే కాళ్లతో తన్నుకుంటూ తిరిగి నడిచింది రిస్తీ. పామట! జ్వరమొచ్చినా నవ్వే పిల్ల, గొర్రెపిల్ల చచ్చిపోతే దానికి దుప్పటి కప్పిన పిల్ల, పామట! మరి ఎంత వెధవ లోకం కాకపోతే, ప్రాణంపోయే జబ్బున్న పిల్లని వదిలేసి పెరుగుమీద జాలిపడుతుంది? అంతలో, లోపలి గదిలో ఉంచమని తనన్న మాట గుర్తొచ్చి మరీ మండిపోయింది. ఆ మాట అన్న నోటిని ఏం చేయాలో తెలియక, ఎదురొచ్చిన కుక్కని తిట్టింది.

ఇంట్లోకి అడుగుపెడుతూనే, "ఆ పెద్దకుండ దింపు" అంది.

గౌహర్ భయపడింది. "ఎందుకండీ?"

"తోమాలి. దానికి ఎన్ని నౌరీజ్‌ల తెలుపు పట్టిందో! చెక్క గరిటెలన్నీ కొట్టంలో పడెయ్. చెక్క పాలు తాగేస్తుంది. ఇనపవి తియ్. చూస్తావేం? ఉండకూడదంటే ఉండకూడదు. చుక్క అంటే చుక్క!"

ఆ రోజునుంచి ఇంట్లో యుద్ధమే. అంతకుముందు కోడలితో జరిగింది, ఇప్పుడు కుండతో, పిండితో, ఆవుతో. ఇసకా బూడిదా సోడా వేసి కుండ తోమితే తోమిన చేతుల చర్మం లేచింది. పితికే పని దౌరెన్‌కి పడింది. మనిషి ఆరడుగులుంటాడు, రోడ్లు చదును చేసే యంత్రం నడుపుతాడు, ఇంట్లో మాత్రం కుక్కిన పేను. ఆవు వాడికి చేపలేదు. రెండుసార్లు తన్నింది కూడా.

"అమ్మా, ఇది నిన్నే అడుగుతోంది" అన్నాడు కుంటుతూ వచ్చి.

"పండగయ్యేదాకా నేను చచ్చానని చెప్పు దానికి" అంది రిస్తీ.

పిండిన పాలు పిండినట్టే నాలుగు వీధుల అవతల బడి కాపలాదారు ఇంటికి పోయేవి. కుల్పాష్ ఇంటికి చుక్క పోనివ్వలేదు.

గౌహర్ పట్నంనుంచి ఒక అట్టపెట్టె తెప్పించింది. ఓట్స్ పాలట. రిస్తీ ఆ పెట్టెను నాలుగువైపులా తిప్పి చూసింది.

"ఓట్సంటే గుర్రం దాణా కదే?"

"అవునండీ."

"గుర్రానికి పెడితే గుర్రం పాలిస్తుంది. వీళ్లు మధ్యలో గుర్రాన్ని తీసేశారా?"

గౌహర్‌కి నవ్వాగలేదు. రిస్తీ ఒక గుక్క తాగి, సున్నం కలిపిన బక్కెట్టు కడిగిన నీళ్లలా ఉందని తేల్చింది. తెలుపు మానేయడం ఒక ఎత్తు, తెలుపు వేషం వేసుకొచ్చినదాన్ని కుండలో పోయడం ఇంకో ఎత్తు. ఆ పని ఆవిడవల్ల కాదు. లేదంటే లేదనే చెబుదాం, దొంగతనమెందుకు?

కానీ ఏడో వస్తువు లేదు. ఆరే ఉన్నాయి. కరువు లేని ఏడు ఆరింటితో వండితే అది కోజె కాదు, జావ. శనగలు వేద్దామంది గౌహర్. శనగలూ గింజే కదా, లెక్కకి రావు. కిస్‌మిస్ వేద్దామన్నాడు దౌరెన్. తల్లి చూసిన చూపుకి పెరట్లోకి వెళ్లిపోయాడు. తెలుపు కోజెకిచ్చేది పులుపు. పులుపు లేకపోతే మాంసం కొవ్వు నాలుకమీద పేరుకుపోతుంది. అదే ఆలోచిస్తూ గింజల డబ్బాలన్నీ మూతలు తీసి వాసన చూస్తుంటే, వేయించిన వరిగల డబ్బా దగ్గర ఆగింది. వరిగలు దంచి, నానేసి, వెచ్చగా దాచితే పులుస్తాయి. పైన తేట తేరుతుంది, నాలుక చివర చురుక్కుమంటుంది. దక్షిణం వైపు ఊళ్లవాళ్లు ఎండాకాలం తాగుతారు దాన్ని.

మొదటిసారి పెట్టింది పొంగి, మూత ఎగరగొట్టి, ఇల్లంతా తడి మేజోళ్ల కంపు కొట్టించింది. ఇంజు ముక్కు మూసుకుని పరిగెత్తింది. రెండోసారి పెట్టినది కుదిరింది. కొంచెం మాంసం రసంలో కలిపి గౌహర్ రుచి చూసి, గిన్నె అత్తగారి చేతికిచ్చింది. రిస్తీ తాగింది. బాగుంది. ఇన్నాళ్లు తెలుపు లేకపోతే కోజె లేదని నమ్మిన మనిషికి, ఇది ఇంత బాగుండటం చూసి మళ్లీ కోపమొచ్చింది.

పొంగించి వేయించే పిండివంట బౌర్సాక్‌లదీ అదే గోల. పిండిలో పాలూ వెన్నా లేకుండా వేయిస్తే, మొదటి వాయి విసిరితే కుక్క చచ్చేలా వచ్చింది. ఆలుగడ్డలు ఉడికించిన నీళ్లతో కలిపి, గొర్రెతోక కొవ్వులో వేయిస్తే మెత్తబడ్డాయి. ఇంజు పొయ్యి పక్కనే నిలబడి, దించినవి దించినట్టు లాగించింది. అడిగి తినడంలేదు ఆ పిల్ల. అంతకుముందు ఏ ఇంట్లో ఏది చేతికిచ్చినా, "అమ్మా, ఇది నాదా?" అని అడిగాకే నోట్లో పెట్టుకునేది. ఇప్పుడు అడగకుండా పళ్లెంలో చెయ్యి పెడుతుంటే రిస్తీ గరిటె పట్టుకుని అలాగే చూసింది. ఈ ఒక్క ఇంట్లోనైనా పిల్ల అడగకుండా తినాలి. ఆ తర్వాత ఊరు ఏమన్నా సరే.

చాయ్‌కి మాత్రం విరుగుడు దొరకలేదు. నల్లగానే ఉండబోతోంది.

"నిమ్మకాయ పిండుదాం" అన్నాడు దౌరెన్ తలుపు బయటనుంచే.

"జ్వరమొచ్చినవాళ్లకా?" అంది రిస్తీ.

పండగనాడు గేటు దగ్గర చూరుకింద ఒక బల్ల వేసి, శుభ్రమైన గుడ్డ పరిచింది. నౌరీజ్‌కి ఒకరింటి కోజె ఇంకొకరింటికి గిన్నెల్లో తిరగడం రివాజు. ఏ గిన్నె వచ్చినా ఆ బల్లమీదే ఆగాలి. పక్కన వేడినీళ్లు, సబ్బు, దౌరెన్. అన్నాలముందు చేతులమీద నీళ్లుపోయడం ఎక్కడైనా ఉన్నదే, కానీ ఇక్కడ సబ్బుతో మూతి కూడా కడుక్కోమన్నారు.

"చుట్టరికానికొచ్చామా, ఆపరేషన్‌కొచ్చామా?" అన్నాడు ఒకాయన.

"తినొచ్చావుగా నాలుగిళ్లల్లో. కడుక్కో" అంది రిస్తీ.

కుల్పాష్ వస్తుందనుకోలేదు. వచ్చింది. కొత్త వెల్వెట్ కోటు వేసుకుని, రెండు చేతుల్లో నిండు గిన్నె పట్టుకుని వచ్చింది.

"మా ఇంటి కోజె. తెల్లటిది" అంది గట్టిగా, నలుగురికీ వినపడేలా.

"సంతోషం అక్కా. బల్లమీద పెట్టు."

"తెలుపుని గుమ్మం బయట ఆపుతావా నువ్వు?"

"ఆపుతున్నాను."

"ఊరు ఉమ్ముతుంది!"

"ఉమ్మమను. ఉమ్మాక మూతి కడుక్కుని రమ్మను."

కుల్పాష్ గిన్నె బల్లమీద పెట్టింది. వెళ్లిపోతుందనుకున్నారు. కానీ లోపల ఏం వండారో చూడకుండా వెళ్లడానికి ఆవిడకి మనసొప్పలేదు. చేతులూ మూతీ కడుక్కుంది, దౌరెన్ మొహంమీదకి నీళ్లు విదిలించింది, లోపలికి నడిచింది.

ఆవిడ వెనకే బావగారొచ్చారు. రిస్తీ లేచి, కళ్లు దించి, మోకాలు వంచి దణ్ణం పెట్టింది. ఆయన ఊరికే పెద్ద. ఆయన మాటతో పెళ్లిళ్లు కుదిరాయి, ఆయన దీవెనతో ప్రతి విందూ ముగిసేది. ఆయనకో పేరుంది. ఊరంతా పలుకుతుంది, రిస్తీ మాత్రం పలకదు. భర్త అన్నగారి పేరు ఇంటి కోడలి నోట్లోంచి రాకూడదు. కాపురానికొచ్చిననాటినుంచి ఆవిడకి ఆయన 'ఉత్తరపింటాయన' లేదంటే 'బావగారు'. ఎదురుపడితే దారి వదిలేది. ఆయన కూర్చున్నచోట ఎత్తుగా కూర్చునేది కాదు.

అందరూ భోజనాలకి నేలమీద పరిచిన దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చున్నారు. బావగారు పైస్థానంలో, కోడలు గౌహర్ తలుపు వైపు సమోవార్ దగ్గర. ఇంజు అటూఇటూ తిరుగుతూ, చుట్టాల ఒళ్లల్లో ఎక్కుతూ దిగుతూ ఉంది. కోజె గిన్నెలు అందాయి. చెంచాల చప్పుడు మొదలైంది. రిస్తీ ఒక్కొక్కరి మొహం చూస్తూ నిలబడింది, కొట్లాటకి సిద్ధంగా. ఎవరో గిన్నె ముందుకి జరిపి మళ్లీ పొయ్యమన్నారు. ఇంకొకరు జరిపారు.

"వరిగలు పులియబెట్టావు. ఇదేం గొప్ప?" అంది కుల్పాష్, గిన్నె అడుగు గీరుతూ.

కానీ చాయ్ వచ్చేసరికి మొహాలు మారాయి. బావగారు గిన్నెలోకి తొంగిచూశారు.

"ఎవరన్నా పోయారా ఈ ఇంట్లో? చాయ్ దుఃఖంగా ఉంది" అన్నారు. అందరూ నవ్వారు. గౌహర్ తలొంచుకుని పోస్తూనే ఉంది. ఆయన రెండు గుక్కలు తాగి, మొహం చిట్లించి, గిన్నె పక్కన పెట్టేశారు.

మాంసం పళ్లెం వచ్చింది. వెడల్పాటి పిండి రేకులమీద మాంసం, పైన ఉల్లి. తినడం అయ్యాక, పళ్లెంలో మిగిలినదాన్ని పెద్దవాడు చేత్తో ముద్దచేసి, ఇంటి పిల్లల నోట్లో పెడతాడు. ఆ ముద్దలో ఆయన ఆయుష్షుంటుందంటారు. కాదన్నవాళ్లు లేరు. ఎత్తిన ముద్ద మళ్లీ పళ్లెంలోకి దించరు.

"ఈ ఇంటి పిల్లేదీ? రావే నా తల్లీ!" అని పిలిచారు బావగారు.

ఇంజు పరిగెత్తుకుంటూ వెళ్లింది. మిగతా పిల్లలు ముద్దలు తింటుంటే ఇన్నాళ్లూ తల్లి కొంగు పట్టుకుని చూసిన పిల్ల. ఆయన ముందు మోకాళ్లమీద కూర్చుని, కళ్లు మూసుకుని, పిచ్చుక పిల్లలా నోరు తెరిచింది.

రిస్తీకి ముచ్చటేసింది. పిల్ల మొహంనుంచి చూపు ఆయన మొహంమీదకి పోయింది. ఆయన ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. ఏదో చప్పరిస్తున్నారు. ముద్ద పట్టుకున్న చేతి బొటనవేలిమీద తెల్లటి పొడి. ముసలివాళ్ల జేబుల్లో కుర్త్ లేకుండా ఉంటుందా? ఎండిన పెరుగు ఉండ, రాయిలా ఉంటుంది, రోజంతా బుగ్గన పెట్టుకుంటారు. నల్ల చాయ్ తాగలేక, కడిగిన చేత్తోనే జేబులోంచి తీసి బుగ్గన వేసుకున్నారు.

గౌహర్ చూడలేదు. సమోవార్ వైపు తిరిగి ఉంది. లేచి వెళ్లే వ్యవధి లేదు. ముద్ద పిల్ల పెదాలదాకా వచ్చేసింది.

"బెక్‌తాస్!"

ఇల్లు కదిలేంత అరుపు. అరిచింది తనేనని రిస్తీకి అందరి మొహాలూ చూశాక తెలిసింది. బావగారి చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఇంజు కళ్లు తెరిచింది. గౌహర్ ఒక్క దూకులో వచ్చి పిల్లని వెనక్కి లాగేసింది.

"పేరు పెట్టి పిలిచింది!" అంది కుల్పాష్, ఊపిరాడనట్టు. "మా ఆయన్ని పేరు పెట్టి పిలిచింది! ఒళ్లు తెలుస్తోందా నీకు?"

"తెలుస్తోంది. ఇప్పుడు పేరు పెట్టి ఆయన్ని పిలవకపోతే, రేపు దీని పేరు పెట్టి పిలుచుకుంటూ గోరీ దగ్గర ఏడవాలి. అదీ తెలుస్తోంది." రిస్తీ ఆయన బుగ్గవైపు వేలు చూపింది. "ఆయన బుగ్గలో కుర్త్ ఉంది. ఆ వేలిమీద చూడండి. చూడండి అందరూ! కుండ తోమాను, గరిటెలు పడేశాను, నా ఆవు మొహం నేను చూడటంలేదు. ఒక్క పూట, ఒక్క ఇంట్లో, ఒక్క పిల్ల భయంలేకుండా నోరు తెరవాలని! మీరు ఏడాదంతా తాగుతారే, ఒక్క పూట ఓర్చుకోలేరా? నల్ల చాయ్ తాగితే చస్తారా? అది చస్తుంది! నిజంగా చస్తుంది!"

బావగారు తన బొటనవేలిని చూసుకుంటున్నారు. మొహం ఎర్రబడింది. కోపమో సిగ్గో తెలియలేదు, ఆ వయసులో రెండూ ఒకే రంగు.

"ఎత్తిన ముద్ద" అన్నారు చివరికి. "దించకూడదు."

"నాకు పెట్టండి" అంది రిస్తీ.

ఆయన ముందు, మనవరాలు కూర్చున్నచోటే, మోకాళ్లమీద కూర్చుని నోరు తెరిచింది. మరదలికి, అందునా తమ్ముడి భార్యకి, నలుగురిలో బావగారు ముద్దపెట్టడం ఎక్కడా లేదు. కుల్పాష్ కళ్లు మూసుకుంది. ఆయన చెయ్యి చాలాసేపు కదల్లేదు. తర్వాత ముద్ద పెట్టారు. నోట్లో పడగానే రిస్తీకి తెలిసింది. కుర్తే. కుల్పాష్ చేసిందే, ఉప్పెక్కువ.

మింగి లేచింది. "ఈ పళ్లెం తీసేయ్ దౌరెన్. కుండలోంచి కొత్తది పట్రా. గౌహర్, నువ్విలా రా."

"నేనా అత్తయ్యా?"

"నువ్వే. చేతులు కడుక్కుని రా. పైకి రా. ఇంకా పైకి."

గౌహర్ వచ్చింది. బావగారి పక్కన, పైస్థానంలో, కోడళ్లు ఎన్నడూ కూర్చోనిచోట రిస్తీ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"ఇంత పెద్దరికం ఏంటి దీనికి?" అని ఎవరో గొణిగారు.

"ఈ పిల్లకి ముద్దపెట్టే చెయ్యి ఈ గదిలో ఇదొక్కటే" అంది రిస్తీ. "పెద్దరికమంటే అదే."

గౌహర్ ముద్ద చేసింది. రేకు జారితే మళ్లీ ఎత్తింది. ఇంజు తల్లి మొహంలోకి చూసి, నానమ్మ మొహంలోకి చూసి, ఈసారి కళ్లు మూసుకోకుండానే నోరు తెరిచింది. బుగ్గలు నిండేలా పెట్టింది గౌహర్. పిల్ల నమలడం అందరూ చూశారు. మింగడం కూడా.

కుల్పాష్ లేచి, వెల్వెట్ కోటు దులుపుకుని వెళ్లిపోయింది. ఆవిడతో ఇంకో ఇద్దరు లేచారు. గేటు దగ్గర గిన్నెల చప్పుడు వినిపించింది. బావగారూ లేచారు. ఆయన దీవించకుండా వెళ్లిపోతే విందు ముగియనట్టే, ఏడాదంతా ఆ ఇంటికి అరిష్టమే. ఆయన ఎవరివైపూ చూడలేదు. ఒక చెయ్యి కోటు చేతిలో దూర్చారు.

ఆపమని రిస్తీ అడగలేదు. అడగదు కూడా. వెళ్తే వెళ్లనీ. దీవెనకోసం పిల్లని పణం పెట్టాలా?

ఇంజుకి ఇవేవీ తెలియవు. ముద్ద తిన్నాక ఏం చేయాలో మాత్రం తెలుసు. మిగతా పిల్లలు చేయడం ఎన్నోసార్లు చూసింది. వెళ్లి బావగారికి అడ్డంగా నిలబడి, రెండు అరచేతులూ పక్కపక్కన చేర్చి, దోసిలిపట్టి తలెత్తింది.

ఆయన ఆగారు. బుగ్గలోది చేతిరుమాల్లోకి ఉమ్మి, జేబులో పెట్టుకున్నారు.

"పెద్దదానివవ్వు" అన్నారు బొంగురుగా. "ఏ ఇంటి ముద్దైనా నిన్ను బతికించేదే కావాలి. ఆమీన్."

"ఆమీన్" అన్నారందరూ, అరచేతులతో మొహాలు తుడుచుకుంటూ.

దీవించాక పిల్ల నుదురు ముద్దాడటం ఆయనకి అలవాటు. అలవాటుగానే వంగారు. సగంలో ఆగి, రెండు చేతులూ గబుక్కున వీపు వెనక్కి పెట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేశారు.